ఆరడుగులు దాటినవాడు ఒక్కడే ఉన్న కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఎవరిని ఎక్కడ ఆడించాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు కుదించి రాస్తాను, మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. భీమవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ. నువ్వు కెప్టెన్‌వి. ప్రాక్టీసుకి వచ్చేది 14 మంది, జాబితాలో రాయాల్సింది 12 మందిని. ఆరడుగులు దాటినవాడు ఒక్కడే, అతనూ వాలీబాల్ నుంచి వచ్చాడు. పాయింట్లు బాగా చేసే ఫైనలియర్ కుర్రాడు ఒకడున్నాడు గానీ బంతి చేతికొస్తే వదలడు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి మీద కబడ్డీ, క్రికెట్, అథ్లెటిక్స్ అన్నీ పడటంతో బాస్కెట్‌బాల్ మీరే చూసుకోండి అన్నారు. పోయినేడు సగం ఆట దాకా మీరే ముందున్నారు, మూడో క్వార్టర్‌లో చేజారింది. ఇప్పుడు మొదటి అయిదుగురు ఎవరు, ఎవరికి ఏ పని అన్నది నీ ప్రశ్న.

నేను కాలేజీలో పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి నడిపి ఆట కూర్చేవాణ్ణి. ఆ తర్వాత చాలా ఏళ్ళుగా కాకినాడ, రాజమండ్రి వైపు కాలేజీ జట్లకు సాయంత్రాలు ఆట నేర్పుతున్నాను. కాబట్టి చెప్పేదంతా మన అంతర కళాశాలల పోటీల స్థాయికి సరిపోయే మాటే.

మొదట పేర్లు రాయకు, పనులు రాయి. చాలా కాలేజీల్లో జరిగేది ఏమిటంటే, పాయింట్లు ఎక్కువ చేసే అయిదుగురి పేర్లు రాసేసి, ఆ తర్వాత ఒకరికి పాయింట్ గార్డ్ అని, ఒకరికి సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) అని తగిలిస్తారు. అయిదుగురూ షాట్ కోసమే చూస్తుంటారు, బంతి మాత్రం ఒక్కటే. మన స్థాయిలో ముందు తేల్చుకోవాల్సిన పనులు రెండు. బంతిని పోగొట్టుకోకుండా సగం కోర్టు దాటించేది ఎవరు? అవతలివాళ్ళ షాట్ మిస్సయ్యాక బంతిని పట్టేది ఎవరు? ఈ రెండింటికీ మనుషులు దొరికాకే షూటర్ గురించి ఆలోచించు.

ఎందుకంటే మన మ్యాచ్‌లు పోయేది మూడు పాయింట్ల షాట్లు పడకపోవడం వల్ల కాదు. బంతి సగం గీత దాటకముందే అవతలివాడు లాగేసుకుని, ఖాళీ రింగు కింద లేఅప్ (పరిగెత్తుకొచ్చి దగ్గర్నుంచి వేసే షాట్) వేసుకోవడం వల్ల పోతాయి. లేదంటే వాళ్ళ షాట్ మిస్సయినా రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చే బంతి) మళ్ళీ వాళ్ళకే దొరికి, రెండోసారి మూడోసారి వేసుకోవడం వల్ల పోతాయి. లెక్క వేసి చూడు. మ్యాచ్ మొత్తంలో నీకు 70 సార్లు బంతి వచ్చిందనుకో. 25 సార్లు షాట్ వేయకుండానే పోగొట్టుకుంటే మిగిలేది 45. నూటికి 40 చొప్పున పడ్డా 18 బాస్కెట్లు. పోగొట్టుకునేది 15కి తగ్గితే, షూటింగ్ ఏమాత్రం మెరుగుపడకుండానే 22 బాస్కెట్లు. అంటే 8 పాయింట్లు ఊరికే వచ్చాయి. అవతలివాళ్ళకి మనం ఇచ్చే ఉచిత లేఅప్‌లు తగ్గడం దీనికి అదనం.

బంతి నడిపేవాణ్ణి ఎంచేటప్పుడు డ్రిబ్లింగ్ అందం చూడకు. ఖాళీ కోర్టులో కాళ్ళ మధ్య నుంచి, వీపు వెనక నుంచి తిప్పేవాళ్ళు ప్రతి హాస్టల్లో ఉంటారు. పరీక్ష ఇలా పెట్టు. ప్రాక్టీసు చివర్లో, అందరూ అలిసిపోయాక, ఒక్కొక్కణ్ణి మీ ఎండ్‌లైన్ దగ్గర బంతితో నిలబెట్టి ఎదురుగా ఇద్దరు డిఫెండర్లను వదులు. తోడుగా ఒక్క మనిషిని ఇవ్వు. 8 సెకన్లలో సగం గీత దాటాలి, మ్యాచ్‌లో ఉండే రూలు కూడా అదే. ఒక్కొక్కరికీ పది అవకాశాలిచ్చి ఎన్నిసార్లు దాటారో రాసుకో. రాసుకుంటూనే వాళ్ళ కళ్ళు ఎక్కడున్నాయో గమనించు. నేలను చూస్తూ డ్రిబుల్ చేసేవాడు సైడ్‌లైన్ దగ్గరికి వెళ్ళి ఇద్దరి మధ్య ఇరుక్కుంటాడు. తలెత్తి ఆడేవాడు రెండోవాడు మీదికి రాకముందే పాస్ ఇచ్చేస్తాడు. ఈ పరీక్షలో నెగ్గేది ఐదున్నర అడుగుల సెకండియర్ కుర్రాడైతే కంగారుపడకు. మగ్సీ బోగ్స్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలే, అయినా 1987 నుంచి 14 సీజన్లు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో పాయింట్ గార్డ్‌గా ఆడాడు.

ఒక్కడు సరిపోడు. కోర్టులో ఎప్పుడు చూసినా బంతి నడపగలిగినవాళ్ళు ఇద్దరుండాలి. ఒక్కడే ఉంటే అవతలి కోచ్ ఐదు నిమిషాల్లో కనిపెట్టి ఇద్దర్ని అతని మీదికి పంపిస్తాడు. నీ 12 మందిలో ఇలాంటివాళ్ళు ముగ్గురు ఉండేలా చూసుకో. మూడోవాడు దొరక్కపోతే బెంచ్ మీది నుంచి ఇప్పుడే ఒకణ్ణి తయారుచెయ్యి. షాట్ రాకపోయినా ఫర్వాలేదు.

ఇక మీ వాలీబాల్ కుర్రాడు. మన గోదావరి జిల్లాల్లో వాలీబాల్, కబడ్డీ ఆడని ఊరు అరుదు, అందుకే కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లలోకి ఈ రెండు ఆటల నుంచీ కుర్రాళ్ళు వస్తూనే ఉంటారు. ఇది మనకున్న బలం. కానీ ఆ ఆట ఒంటికి పట్టించిన అలవాట్లు తెలిసి వాడుకోవాలి. వాలీబాల్ నుంచి వచ్చినవాడు ఎగరడంలో, సమయానికి గాల్లో ఉండడంలో మిగతా అందరికంటే మెరుగ్గా ఉంటాడు. అయితే రీబౌండ్ దగ్గర అతన్ని ఒకసారి దగ్గర్నుంచి గమనించు. షాట్ లేవగానే అతని చూపు బంతి మీదే ఉంటుంది, పక్కన ఎవరున్నారో చూడడు. ఎగురుతాడు, అందరికంటే పైన ఉంటాడు, బంతికి చేయి తగులుతుంది. కానీ పట్టడు, వేళ్ళతో తడతాడు. అది పోయి అవతలివాడి చేతిలో పడుతుంది. తప్పు అతనిది కాదు. వాలీబాల్‌లో బంతిని పట్టుకుంటే ఫౌల్, పైగా ప్రత్యర్థి నెట్‌కి అటు ఉంటాడు గనక ఒంటికి ఒళ్ళు తగలడం అలవాటు ఉండదు.

దీనికి నేను చేయించేది చాలా మామూలు పని. ఫ్రీ త్రో సర్కిల్ మధ్యలో బంతిని నేల మీద పెట్టు. అతనూ ఇంకో బలమైన కుర్రాడూ గీత మీద నిలబడాలి. విజిల్ వేయగానే అతను ఎదుటివాడికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, ఐదు సెకన్లు ఆ బంతిని ముట్టుకోనివ్వకూడదు. చేతులతో పట్టుకోకూడదు, నడుముతో, వీపుతో ఆపాలి. మొదటి వారం పక్కకు నెట్టించుకుంటాడు. రెండు మూడు వారాల్లో ముందు మనిషిని వెతికి, ఆ తర్వాత బంతిని చూడడం వస్తుంది. రెండో అలవాటు, గాల్లో రెండు చేతులతో పట్టి గడ్డం కిందికి లాక్కోవడం, మోచేతులు బయటికి ఉంచడం. మూడోది, రీబౌండ్ పట్టాక డ్రిబుల్ చేయకుండా బంతి నడిపేవాణ్ణి వెతికి అందించడం. ఈ మూడూ వస్తే చాలు, రింగుకు వీపు పెట్టి తిరిగి వేసే షాట్లు ఈ ఏడాది నేర్పించకు. రీబౌండ్ అంటే ఎత్తు ఒక్కటే కాదని గట్టిగా నమ్ము. డెనిస్ రాడ్‌మన్ 6 అడుగుల 7 అంగుళాలు, ఎన్‌బీఏ లెక్కలో పొడగరి కాదు. 1992 నుంచి 1998 దాకా వరసగా 7 సీజన్లు రీబౌండ్లలో మొదటి స్థానం అతనిదే.

అతను ఒక్కడి మీదే బోర్డు (అంటే రీబౌండ్ల) భారం మోపకు. మీ జట్టులో మిగతా అందరూ పొట్టివాళ్ళే అయినప్పుడు రీబౌండ్ అయిదుగురి పని అవుతుంది. పొడుగు కుర్రాడు అవతలి పొడుగువాణ్ణి వీపుతో ఆపితే చాలు, బంతి నేల మీదికి వస్తే మీ గార్డులే తీసుకుంటారు. అతని పేరు పక్కన రీబౌండ్లు రెండే కనిపించినా మ్యాచ్ నిలబెట్టింది అతనే కావచ్చు. ఆ సంగతి అతనికి పదిమందిలో చెప్పు.

కబడ్డీ నుంచి వచ్చినవాడు ఎవరైనా ఉంటే వదులుకోకు. మోకాళ్ళు వంచి పక్కకు జరగడం, ఒళ్ళు తగిలితే బెదరకపోవడం, ఎదుటివాడి నడుము చూసి ఎటు కదులుతాడో పసిగట్టడం అతనికి ముందే వచ్చు. అవతలి జట్టులో బాగా వేసేవాడి మీద అతన్ని పెట్టు, అదే అతని ఉద్యోగం. ఒక్కటే ఇబ్బంది, చేతులు ఊరుకోవు, పట్టుకోవడానికి పోతాయి. మెడ చుట్టూ తువ్వాలు వేసి, రెండు చివర్లూ రెండు చేతులతో పట్టుకోమని, కాళ్ళతో మాత్రమే డిఫెన్స్ చేయించు. పది రోజుల్లో తేడా కనిపిస్తుంది. అతనికి షాట్ ఉండదు గనక అటాక్‌లో ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య. మూడు పాయింట్ల గీత దగ్గర నిలబెడితే అతని డిఫెండర్ అతన్ని వదిలేసి మీ షూటర్ మీదికి వచ్చేస్తాడు. రింగుకు ఒక పక్కన, రంగు వేసిన గడికి బయట, ఎండ్‌లైన్‌కు దగ్గరగా ఉంచు. ఆ గడిలో 3 సెకన్లకు మించి నిలబడకూడదన్న రూలు పట్టుకోదు. అతన్ని వదిలేసి వెళ్తే రింగు కింద పాస్ అందుకుని లేఅప్ వేస్తాడు, వదలకపోతే బంతితో రింగు వైపు దూసుకెళ్ళేవాడికి దారి ఉంటుంది. షాట్ లేనివాళ్ళు ఒకేసారి కోర్టులో ఇద్దరికి మించి ఉండకూడదు. మీ పొడుగు కుర్రాడు ఒకడు, ఇతను ఒకడు. మిగతా ముగ్గురూ దూరం నుంచి వేయగలిగినవాళ్ళు కావాలి.

ఇప్పుడు బంతి వదలని కుర్రాడి సంగతి. నువ్వు రాసినదాంట్లో ఎక్కువ టెన్షన్ ఇక్కడే కనిపించింది. డ్రిబ్లింగ్ బాగా వచ్చు కదా అని అతన్ని పాయింట్ గార్డ్ చేయకు. అలా చేస్తే మిగతా నలుగురూ నిలబడి చూస్తారు, డిఫెన్స్‌కి ఒక్కణ్ణి ఆపితే సరిపోతుంది. బంతి లేకుండా పరిగెత్తించు. రింగు కింద నుంచి మొదలై, మీ పొడుగు కుర్రాడు పెట్టిన స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డంగా కదలకుండా నిలబడటం) చుట్టూ తిరిగి, 45 డిగ్రీల కోణంలో బంతి అందుకోవాలి. అందుకునేసరికి అతని డిఫెండర్ ఒక అడుగు వెనకబడి ఉంటాడు. అక్కడి నుంచి రెండు డ్రిబుల్స్‌లో షాట్ గానీ పాస్ గానీ అయిపోవాలి. ప్రాక్టీసులో మూడో డ్రిబుల్ పడితే బంతి అవతలి జట్టుకి ఇచ్చెయ్యి, ఇది అందరికీ వర్తించే రూలుగా పెట్టు, అతని ఒక్కడి కోసం పెట్టినట్టు ఉండకూడదు.

అతనితో మాట్లాడే పద్ధతి కూడా ముఖ్యం. అందరి ముందూ అనకు, మీరిద్దరూ ఒకే వయసువాళ్ళు, మాట పడటం కష్టం. రెండు ప్రాక్టీసు మ్యాచ్‌ల్లో అతని షాట్లను రెండు గళ్ళలో రాయించు: పాస్ అందుకుని రెండు డ్రిబుల్స్ లోపు వేసినవి ఒక గడి, అంతకుమించి తిప్పి వేసినవి ఇంకో గడి. ఎన్ని వేస్తే ఎన్ని పడ్డాయో పక్కన ఉంటుంది. ఆ కాగితం చేతికిచ్చి టీ తాగుతూ చూపించు. పాయింట్లు ప్రేమించే కుర్రాడు లెక్క చూస్తే త్వరగా దారికొస్తాడు.

అతన్ని బెంచ్ మీది నుంచి దింపడం కూడా మంచి ఆలోచనే. అవతలి మొదటి అయిదుగురిలో ఇద్దరు బయటికెళ్ళాక, వాళ్ళ బలహీనమైన డిఫెండర్ల మీదికి తాజా కాళ్ళతో వస్తాడు. మాను జినోబిలి సాన్ ఆంటోనియో స్పర్స్‌కి చాలా ఏళ్ళు ఇలాగే ఆడాడు, 2007-08లో బెంచ్ నుంచి దిగేవాళ్ళకిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు అతనికే వచ్చింది. 2004 ఒలింపిక్స్‌లో అర్జెంటీనాకి స్వర్ణం తెచ్చిన జట్టులో ముఖ్యుడు. బెంచ్ మీద కూర్చోవడం తక్కువతనం కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి పేరు దొరకదు.

సీనియర్లు మొదట దిగాలి అన్న పట్టింపు మన కాలేజీల్లో బలంగా ఉంటుంది. ఫైనలియర్ వాళ్ళకి అదే ఆఖరి పోటీ, ఇంటి నుంచి నాన్నగారో అన్నయ్యో చూడటానికి వస్తారు. ఇందులో పెద్దగా గొడవపడకు. మొదట ఎవరు దిగారన్నదానికంటే ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరున్నారన్నది నాకు ముఖ్యం. డిఫెన్స్‌లో ఒళ్ళు వంచే సీనియర్‌ని మొదట దింపు, ఐదు నిమిషాలకు మార్చు. ఒక్క షరతు: బంతి నడిపే ఇద్దరి విషయంలో మాత్రం ఏ సీనియారిటీ, ఏ బ్రాంచి, ఏ రూమ్మేట్ లెక్కా వద్దు.

నిమిషాలు పంచడం నేర్చుకో. క్వార్టర్ 10 నిమిషాలైతే 4 క్వార్టర్లు 40 నిమిషాలు, అయిదుగురికి మొత్తం 200 నిమిషాలు. వీటిని కాగితం మీద ముందే పంచుకోవాలి. ముఖ్యమైన ముగ్గురికి 30 చొప్పున 90. తర్వాతి ఇద్దరికి 25 చొప్పున 50. మిగిలిన 60 నిమిషాలు నలుగురికి 20, 15, 15, 10. తొమ్మిది మంది ఆడతారు, ఎవరూ 30 దాటరు. ఇది మన వాతావరణానికి చాలా అవసరం. డెల్టాలో ఉక్కపోత ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది, పైగా నాకౌట్ పోటీల్లో ఒక్కోసారి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఆడాల్సొస్తుంది. పొద్దున 38 నిమిషాలు ఆడిన గార్డుకి సాయంత్రం కాలు లేవదు. నిర్వాహకులు క్వార్టర్ నిడివి తగ్గిస్తే అదే నిష్పత్తిలో మార్చుకో.

మూడో క్వార్టర్‌లో మీరు పోగొట్టుకున్నారంటే నాకు కనిపించే కారణం ఇదే: మీ ప్రధాన గార్డు మొదటి 20 నిమిషాలూ ఆగకుండా ఆడి ఉంటాడు, హాఫ్‌టైమ్ తర్వాత అవతలివాళ్ళు ఫుల్ కోర్టు ప్రెస్ (మీ ఎండ్‌లైన్ దగ్గర్నుంచే మీదపడి పట్టుకోవడం) వేసుంటారు. అలసిపోయిన ఒక్క గార్డు, ప్రెస్‌లో ఇద్దరు. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. మొదటి క్వార్టర్ ముగియడానికి నిమిషంన్నర ముందు అతన్ని కూర్చోబెట్టు. గడియారం ఆగే సమయం, క్వార్టర్ల మధ్య 2 నిమిషాల విరామం కలిసి నాలుగైదు నిమిషాల విశ్రాంతి దొరుకుతుంది, ఆటలో పోయింది నిమిషంన్నరే. మూడో క్వార్టర్ చివర్లో కూడా ఇదే చెయ్యి. హాఫ్‌టైమ్ మాత్రం 15 నిమిషాలు, ఒళ్ళు చల్లబడిపోతుంది, కాబట్టి ఐదు నిమిషాల ముందే కోర్టులోకి వచ్చి లేఅప్‌లు వేయించు. మూడో క్వార్టర్ మొదలుపెట్టే అయిదుగురిలో బంతి నడిపేవాళ్ళు ఇద్దరూ, కబడ్డీ కుర్రాడూ తప్పనిసరిగా ఉండాలి. పాయింట్లు చేసేవాడు మూడు నిమిషాలు ఆగి దిగినా నష్టం లేదు.

అయిదుగురినీ గంపగుత్తగా మార్చొద్దు. ఒకేసారి ఇద్దరికి మించి మారితే ఎవరు ఎవర్ని పట్టుకోవాలో తెలియక రెండు ఉచిత బాస్కెట్లు పోతాయి. ఏ మార్పు చేసినా కోర్టులో బంతి నడిపేవాళ్ళు ఇద్దరు, ఒక బోర్డు మనిషి, డిఫెన్స్‌లో గట్టిగా పిలిచి చెప్పేవాడు ఒకడు మిగిలారా అని చూసుకో. మూడోదాన్ని అందరూ మరిచిపోతారు. స్క్రీన్ వస్తోందని వెనక నుంచి అరిచేవాడు లేకపోతే ఎంత మంచి డిఫెండరైనా గుద్దుకుంటాడు.

సబ్‌స్టిట్యూషన్ అడగాల్సింది ఆడబోయేవాడే. అతను స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్ళి చెప్పి కూర్చోవాలి. బంతి ఆగి, గడియారం ఆగినప్పుడే లోపలికి పంపిస్తారు, మామూలుగా బాస్కెట్ పడగానే దిగడం కుదరదు. నాలుగో క్వార్టర్ ఆఖరి 2 నిమిషాల్లో మాత్రం బాస్కెట్ ఇచ్చుకున్న జట్టుకి ఆ అవకాశం ఉంటుంది. కాబట్టి అనుకున్న సమయానికి నిమిషం ముందే పంపించు. టైమౌట్‌లు మొదటి సగంలో 2, రెండో సగంలో 3. మొదటి సగంవి మిగిలినా తర్వాతకి రావు, కాబట్టి ప్రెస్ వేసి వరసగా రెండు లాగేసుకున్నారంటే దాచుకోకుండా తీసుకో. రెండో సగంవి మూడూ ఆఖరి 2 నిమిషాలకి దాచుకోవడం కూడా కుదరదు, అప్పుడు రెండే ఇస్తారు.

ఇవన్నీ ఆడుతూ నువ్వు చూసుకోలేవు. నువ్వు కోర్టులో ఉండి గార్డును పట్టుకుంటూ ఎవరికి ఎన్ని ఫౌల్స్ అయ్యాయో లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. పీడీ గారు బెంచ్ దగ్గర కూర్చోవడానికి ఒప్పుకుంటే ఆ కాగితం ఆయన చేతిలో పెట్టు. ఆయన గౌరవమూ నిలుస్తుంది, నీ పనీ అవుతుంది. వీలుకాకపోతే ఆడిన అనుభవమున్న పాత విద్యార్థి ఎవరైనా రాగలరేమో చూడు, ముందే పీడీ గారి అనుమతి తీసుకో.

ఫౌల్స్ విషయంలో నా లెక్క: మొదటి క్వార్టర్‌లో రెండైతే కూర్చోబెట్టు, మొదటి సగంలో మూడైతే మూడో క్వార్టర్ దాకా దింపకు. ఐదో దానికి పూర్తిగా బయటికే. మీ పొడుగు కుర్రాడికి మాత్రం కొంచెం వేరుగా ఆలోచించు, రెండయ్యాయని కూర్చోబెడితే బోర్డు ఖాళీ అయిపోతుంది. అప్పుడు 2-3 జోన్‌కి (ముందు ఇద్దరు, రింగు దగ్గర ముగ్గురు, ఒక్కొక్కరు ఒక్కో చోటు కాచే డిఫెన్స్) మారి అతన్ని రింగు ముందు నిలబెట్టు. క్వార్టర్‌లో జట్టు ఫౌల్స్ నాలుగు దాటితే ఐదోదాని నుంచి ప్రతిదానికీ రెండు ఫ్రీ త్రోలు. అనవసరంగా సగం కోర్టు దగ్గర చేయిపెట్టే కుర్రాడు ఆ నాలుగింటినీ నాలుగు నిమిషాల్లో ఖర్చుపెట్టేస్తాడు.

జోన్ గురించి ఒక మాట. మన కాలేజీల్లో చాలా కోర్టులు ఆరుబయట సిమెంటువే. నర్సాపురం, అమలాపురం, కాకినాడ వైపు సాయంత్రం సముద్రపు గాలికి దూరపు షాట్లు పక్కకు పోతాయి, అలాంటి చోట జోన్ బాగా పనిచేస్తుంది. ఇండోర్ కోర్టులో అదే జోన్ వేస్తే మూలల నుంచి మూడు పాయింట్లు వేసుకుంటారు, మ్యాన్ టు మ్యాన్‌కి (ఒక్కొక్కరు ఒక్కో మనిషిని పట్టుకోవడం) సిద్ధంగా ఉండాలి. వాన పడి ఆరీఆరని సిమెంటు మీద అడ్డంగా కోసుకుపోయే ఆటగాణ్ణి ఎక్కువ సేపు ఉంచకు, మడమ పోతుంది. ఆ రోజు పాస్‌లు బాగా ఇచ్చేవాళ్ళకి నిమిషాలు పెంచు.

ఆఖరి రెండు నిమిషాల అయిదుగురిని విడిగా ఎంచుకోవాలి. ముందున్నప్పుడు అవతలివాళ్ళు గడియారం ఆపడానికి కావాలని ఫౌల్ చేస్తారు, ఫ్రీ త్రోలు పడేవాళ్ళే కోర్టులో ఉండాలి. నిలబడి తీరిగ్గా వేసే ఫ్రీ త్రో లెక్కలోకి రాదు. కోర్టు రెండుసార్లు పరిగెత్తించి, వెంటనే రెండు వేయించు. ఇలా ఒక్కొక్కరికీ పది విడతలు, మొత్తం 20 షాట్లు. 12 దాటినవాళ్ళు ఆ జాబితాలోకి. నా అనుభవంలో ఈ జాబితా అందరూ అనుకున్నట్టు రాదు, మాట్లాడని కుర్రాడొకడు పైకి వస్తాడు. మీరు రెండు మూడు పాయింట్లు వెనకబడి ఉంటే ఇంకో అయిదుగురు: ప్రెస్ వేయగలిగినవాళ్ళు, మీ ఫైనలియర్ షూటర్.

ప్రతివాడికీ తన పని రెండు మూడు వాక్యాల్లో తెలియాలి, ఏం చేయకూడదో కూడా అందులోనే ఉండాలి. వాలీబాల్ కుర్రాడికి: "స్క్రీన్ పెట్టు, రింగు వైపు తిరుగు, వాళ్ళ పొడుగువాణ్ణి వీపుతో ఆపు. డ్రిబుల్ చేయకు." బెంచ్ నుంచి వచ్చే రెండో గార్డుకి: "మొదటి రెండు నిమిషాలు వాళ్ళ గార్డుని ఊపిరి తీసుకోనివ్వకు. షాట్ కోసం వెతకకు, ఖాళీ దొరికితే మాత్రం వెయ్యి." నువ్వు చెప్పడంతో ఆపకు, వాళ్ళతో తిరిగి చెప్పించు. చెప్పలేకపోతే వాడికి అర్థంకానట్టే.

నీకు ఎవరూ చెప్పి ఉండని ఇంకో ఇబ్బంది బస్సు. పాలకొల్లు, తణుకు, ఆకివీడు వైపు వెళ్ళే కాలేజీ బస్సులు క్లాసులు అయిపోగానే కదులుతాయి, సాయంత్రం ప్రాక్టీసులో హాస్టల్ వాళ్ళే మిగులుతారు. కలిసి ఆడాల్సిన అయిదుగురు కలిసి ప్రాక్టీసే చేయరు. అందుకని కలిసి ఉండక తప్పని జంటలను ముందు చూడు. స్క్రీన్ పెట్టే పొడుగు కుర్రాడూ, దాని చుట్టూ తిరిగే షూటరూ, వాళ్ళకి పాస్ ఇచ్చే గార్డూ ఒకే సమయంలో దొరకాలి. ఇద్దరు గార్డుల్లో ఒకరు డేస్కాలర్, ఇంకొకరు హాస్టల్ అయితే రెండు పూటలా ఒక్కొక్కరు ఉంటారు. భోజనం బెల్లులో 15 నిమిషాలు ఈ ముగ్గురి పనే చేయించు, మిగతా జట్టు ఆదివారం పొద్దున కలుస్తుంది.

జాబితాలోకి రాని ఆ ఇద్దరి గురించి. నోటీస్ బోర్డులో పేరు లేదని చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకు, ముందురోజే పిలిచి చెప్పు. పదకొండు, పన్నెండు స్థానాలకి ఇద్దరు సమానంగా ఉంటే నేను వచ్చే ఏడాది కూడా ఉండే కుర్రాణ్ణే తీసుకుంటాను. మిగిలిన ఇద్దరికీ అసలైన పని ఉంది, పుస్తకం రాయడం. ఫోన్ వీడియో తీయడం కంటే ఇది మేలు. ప్రతి మార్పు దగ్గరా ఒక వరస: కోర్టులో ఉన్న అయిదు జెర్సీ నెంబర్లు, సమయం, అప్పటి స్కోరు. తర్వాతి మార్పు దగ్గర మళ్ళీ స్కోరు. ఆ అయిదుగురూ ఉన్నప్పుడు మనం ఎన్ని పెంచుకున్నాం, ఎన్ని పోగొట్టుకున్నాం అన్నది తేలిపోతుంది. ఒక్క మ్యాచ్ చూసి ఎవరినీ తీసేయకు, అవతలివాళ్ళు బలహీనమైనప్పుడు అందరి లెక్కా బాగుంటుంది. మూడు నాలుగు మ్యాచ్‌ల తర్వాత విడి మనుషుల కంటే జంటలను చూడు. ఫలానా ఇద్దరు కలిసి ఉన్నప్పుడల్లా స్కోరు తగ్గుతోందంటే ఇద్దరూ ఒకే చోట నిలబడుతున్నారని, లేదా ఇద్దరూ బంతి కోసమే చూస్తున్నారని అర్థం.

వచ్చే రెండు ఆదివారాలు పక్క కాలేజీతోనో, మీ ఊరి క్లబ్ పెద్దవాళ్ళతోనో ప్రాక్టీసు మ్యాచ్ పెట్టుకో. మూడు రకాల అయిదుగురిని రాసుకుని ఒక్కో కూర్పుకీ పది నిమిషాలు ఇవ్వు, మధ్యలో మార్చకు. నాలుగో పది నిమిషాలు వాళ్ళని ఫుల్ కోర్టు ప్రెస్ వేయమని అడుగు, పోయినేడు మీరు పడిపోయింది అక్కడే గనక. ఆ రోజు రాసిన పేజీ ఫోటో తీసి, పేర్లు లేకుండా నెంబర్లు, ఎత్తులు, ఎవరు హాస్టల్ ఎవరు డేస్కాలర్ అన్నది మాత్రం ఇక్కడ పెట్టు. ఏ జంటను విడదీయాలో, మూడో గార్డుగా ఎవరిని తయారుచేయాలో చూసి రాస్తాను.